కోర్టు మీడియేషన్‌కి పంపితే వెళ్లి తీరాలా? వెళ్తే రాజీ పడి తీరాలా?

మీ ప్రశ్న ఒకసారి క్లుప్తంగా చెప్తాను, తర్వాత చదివేవాళ్లకి కూడా ఉపయోగపడుతుంది. నాన్నగారు పోయాక తిరుచానూరు దగ్గర ఇల్లు, చంద్రగిరి వైపు ఎకరంన్నర మామిడి తోట మిగిలాయి. అన్న భాగం ఇవ్వకపోతే మీరు భాగపంపకాల దావా వేశారు. రెండేళ్లయింది. మొన్న వాయిదాకి జడ్జిగారు ‘మీడియేషన్‌కి వెళ్లండి’ అన్నారు, మీ ఇష్టం ఎవరూ అడగలేదు. వెళ్లకపోతే కేసు పోతుందా, అక్కడ నోరు జారితే అది రేపు కోర్టులో మీ మీదికే వస్తుందా, రాజీ అయ్యాక అన్న మాట తప్పితే ఏంటి, అమ్మని తీసుకెళ్లొచ్చా. ఇవీ మీ సందేహాలు.

మీడియేషన్ అంటే ఏ పక్షానికీ చెందని ఒక మనిషి (మీడియేటర్) మధ్యలో కూర్చుని, ఇద్దరి చేతా మాట్లాడించి రాజీకి సాయపడటం. సూటిగా చెప్తాను. వెళ్లాలి. కానీ రాజీ పడాల్సిన పని లేదు. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుని టెన్షన్ పడతారు. కోర్టు మిమ్మల్ని పంపగలిగేది ఆ గదిలోకి మాత్రమే. లోపల మీ చేత సంతకం పెట్టించే అధికారం జడ్జిగారికీ లేదు, మీడియేటర్‌కీ లేదు, మీ లాయరుకీ లేదు.

నేను తిరుపతి, చిత్తూరు కోర్టుల్లో 22 ఏళ్లుగా సివిల్ కేసులే చూస్తున్నాను. 40 గంటల శిక్షణ తీసుకుని మీడియేటర్‌గా కూడా కూర్చుంటున్నాను. మీడియేటర్‌గా విన్నవి మాత్రం ఇక్కడ ఒక్కటీ రాయను, ఎందుకో కింద చదివితే మీకే తెలుస్తుంది. చెప్పే రెండు ఉదాహరణలూ నేను లాయరుగా నిలబడ్డ కేసులవి, వాళ్లని అడిగి, గుర్తుపట్టకుండా మార్చి రాస్తున్నాను.

మిమ్మల్ని అడక్కుండా ఎలా పంపారంటే, సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో సెక్షన్ 89 అని ఒకటుంది. 1999 సవరణతో వచ్చింది, 2002 జులై 1 నుంచి అమల్లో ఉంది. కేసులో రాజీకి అవకాశం ఉందని కోర్టుకి అనిపిస్తే ఆర్బిట్రేషన్ (మధ్యవర్తి తీర్పు), కన్సిలియేషన్ (మధ్యవర్తి తానే పరిష్కారాలు సూచించే రాజీ ప్రయత్నం), లోక్ అదాలత్‌తో సహా జడ్జి ద్వారా రాజీ, మీడియేషన్, వీటిలో ఒకదానికి పంపొచ్చు. దీన్ని ఎలా వాడాలో సుప్రీంకోర్టు 2010లో అఫ్కాన్స్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ కేసులో వివరంగా చెప్పింది. ఆర్బిట్రేషన్‌కి గానీ కన్సిలియేషన్‌కి గానీ పంపాలంటే రెండు పక్షాలూ ఒప్పుకోవాలి. మీడియేషన్‌కి, లోక్ అదాలత్‌కి ఆ ఒప్పుకోలు అక్కర్లేదు. ఇందులో న్యాయం ఉంది, ఆలోచించండి. ఆర్బిట్రేటర్ తీర్పిస్తాడు, అది మీకు నచ్చినా నచ్చకపోయినా కట్టుబడాలి, కాబట్టి ముందే మీ అంగీకారం కావాలి. మీడియేటర్ తీర్పివ్వడు. మన ఊళ్లలో పెద్దమనుషుల పంచాయితీ చూసిన కళ్లతో దీన్ని చూడకండి. రచ్చబండ దగ్గర పెద్దాయన ‘నువ్వింత ఇవ్వు, నువ్వింత తీసుకో’ అని తేల్చేస్తాడు, కాదన్నవాడికి ఊళ్లో మాట పడుతుంది. ఇక్కడ మీడియేటర్ ఎవరిది తప్పో చెప్పడు, చెప్పకూడదు కూడా. ఒకవేళ మీకు దొరికిన మీడియేటర్ అలా తీర్పులు చెప్తుంటే మర్యాదగానే ‘సార్, నాకు ఆలోచించుకోవడానికి టైమ్ కావాలి’ అని బయటికి రండి, మీ లాయరు ద్వారా కోర్టు దృష్టికి తీసుకెళ్లండి.

మామూలుగా జవాబు దావా పడ్డాక, ఇష్యూస్ (కోర్టు తేల్చాల్సిన వివాదాంశాలు) వేయకముందు పంపడం పద్ధతి. భార్యాభర్తల గొడవల్లాంటివైతే ఇంకా ముందే, నోటీసు అందగానే, ఒకరి మీద ఒకరు కాగితాల్లో బురద చల్లుకోకముందే పంపడం మేలని అదే తీర్పులో ఉంది. మీకు రెండేళ్లకి పంపారు కాబట్టి ‘ఇప్పుడు చెల్లదు’ అని మీ పక్కింటాయన చెప్పాడని రాశారు. అది నిజం కాదు. సాక్ష్యం మొదలయ్యాక కోర్టులు కొంచెం వెనకాడతాయి, అంతే, పంపకూడదని లేదు.

అసలు పంపకూడని కేసులూ ఉన్నాయి. ప్రజాప్రతినిధుల ఎన్నికల పిటిషన్లు, వీలునామాకి ప్రొబేట్ (అది అసలైనదేనని కోర్టు ధ్రువీకరణ) లాంటివి, పదిమంది తరఫున ఒకరు వేసే ప్రాతినిధ్య దావాలు, ఫోర్జరీ, మోసం లాంటి తీవ్రమైన ఆరోపణలు నిర్దిష్టంగా ఉన్నవి, ప్రభుత్వం మీద హక్కు ప్రకటన కోసం వేసేవి, మైనర్ల మీదా దేవుడి మీదా వేసే క్లెయిములు. మన ప్రాంతంలో చివరి రెండూ తరచుగా తగులుతాయి. దేవుడి మాన్యం, మఠాల భూములు, డీకేటీ పట్టాలు (ప్రభుత్వం అసైన్ చేసిన భూములవి) ఎక్కువ కదా. మీ చంద్రగిరి తోటలో ఏ కొంచెమైనా డీకేటీ భూమి ఉంటే ముందే మీ లాయరుకి చెప్పండి. చట్టం ఒప్పుకోని బదిలీని రాజీ పత్రంలో రాసుకున్నంత మాత్రాన అది చెల్లుబాటు కాదు, న్యాయసమ్మతమైన రాజీకే కోర్టు డిక్రీ (అమలు చేయించుకోదగ్గ కోర్టు ఉత్తర్వు) ఇస్తుంది. అన్నదమ్ములు, ఇరుగుపొరుగు, భాగస్వాములు, డబ్బు బాకీలు, యాక్సిడెంటు పరిహారాలు, ఇలాంటివన్నీ మీడియేషన్‌కి సరిపోయేవే. మీది అచ్చంగా అలాంటి కేసు.

వెళ్లకపోతే ఏమవుతుంది? దావా అందుకే ఓడిపోరు. మీ హక్కు మీ హక్కే. కానీ మీరు రాలేదని కోర్టుకి తెలుస్తుంది, కారణం లేకుండా ఎగ్గొడితే ఖర్చులు వేసే వీలు మీడియేషన్ రూల్స్‌లో ఉంది. డబ్బు సంగతి పక్కన పెట్టండి, దావా వేసింది మీరు. భాగం కావాలని కోర్టుకొచ్చిన మనిషే మాట్లాడ్డానికి రాలేదంటే చూసేవాళ్లకి ఎలా ఉంటుంది? ఆరోగ్యం బాగాలేకనో, ఊళ్లో లేకనో రాలేకపోతే ముందే చెప్పి వేరే తేదీ అడగండి, ఇస్తారు.

ఇక మీ అసలు భయం, నోరు జారడం. ఇది నేను రోజూ వినే భయం. అక్కడ మాట్లాడింది అక్కడే ఉంటుంది. మీరు గదిలో ‘సరే, ఇల్లు వాడికే ఇచ్చేస్తా, తోట నాకిస్తే చాలు’ అన్నారనుకోండి, రాజీ కుదరలేదనుకోండి, రేపు కోర్టులో క్రాస్ ఎగ్జామినేషన్‌లో అన్నగారి లాయరు ‘మీడియేషన్‌లో ఇల్లు వదులుకుంటానన్నారా లేదా’ అని అడగడానికి వీల్లేదు. మీడియేటర్‌ని సాక్షిగా పిలవడానికీ వీల్లేదు. రాజీ కాకపోతే మీడియేటర్ కోర్టుకి పంపాల్సింది ‘మీడియేషన్ ఫలించలేదు’ అన్న ఒక్క మాటే, ఎవరేం ఒప్పుకున్నారో ఎవరు మొండికేశారో రాయకూడదు. సుప్రీంకోర్టు మోతీరామ్ వర్సెస్ అశోక్ కుమార్ కేసులో ఇదే స్పష్టం చేసింది. నేను విన్నవేవీ ఇక్కడ రాయనని అన్నది అందుకే.

ఇద్దర్నీ విడివిడిగా కూర్చోబెట్టి కూడా మాట్లాడతారు. అప్పుడు మీరు చెప్పిన మాట అవతలివాళ్లకి చేరకూడదనుకుంటే ‘ఇది అన్నకి చెప్పొద్దు సార్’ అని నోటితో అనండి. అనుకోకండి, అనండి. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. కోర్టులో ఇప్పటికే వేసిన కాగితాలు మీడియేషన్‌లో చూపించినంత మాత్రాన రహస్యం అయిపోవు, మెట్లు దిగొచ్చి చెట్టు కింద మీ అన్నతో మాట్లాడుకున్న మాటలకి ఈ రక్షణ ఉండదు. వాట్సాప్‌లో ‘మీడియేషన్‌లో ఒప్పుకున్నావు కదరా’ అని మెసేజ్‌లు పెట్టుకోకండి. ఫోన్‌లో రికార్డు చేయడం అసలే వద్దు.

రాజీ అయ్యాక మాట తప్పితే ఏంటి అన్నారు. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే జనం దెబ్బతినేది మీడియేషన్ గదిలో కాదు, రాజీ పత్రంలో.

మన చిత్తూరు వైపు మాట నిలబెట్టించాలంటే కాణిపాకం తీసుకెళ్లి వినాయకుడి ముందు ప్రమాణం చేయించడం తాతల నాటి అలవాటు. నేను కాదనను, నా క్లయింట్లలో రాజీ అయిన మర్నాడే కుటుంబంతో వెళ్లొచ్చిన వాళ్లున్నారు, మనసులు కుదుటపడ్డాయి. కానీ రేపు అమలు చేయించాల్సి వస్తే చేతిలో ఉండాల్సింది డిక్రీ. మీడియేషన్‌లో కుదిరింది కాగితం మీద పెట్టి, పార్టీలందరూ సంతకాలు చేసి, మీడియేటర్ ద్వారా కోర్టుకి చేరితే, జడ్జిగారు మిమ్మల్ని పిలిచి ‘ఇష్టపూర్వకంగానే చేశారా’ అని అడిగి, సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 23 రూల్ 3 ప్రకారం రికార్డు చేసి డిక్రీ ఇస్తారు. ఆ డిక్రీకి అప్పీలు లేదు, సెక్షన్ 96(3) చూడండి. దాన్ని కొట్టేయమని కొత్తగా ఇంకో దావా వేయడానికీ వీల్లేదు. అన్న మాట తప్పితే మీరు మళ్లీ మొదటినుంచి పోరాడక్కర్లేదు, నేరుగా ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) వేసి అమలు చేయించుకోవచ్చు. ఇదే బలం రెండో వైపు నుంచి చూస్తే ప్రమాదం. మీరు తొందరపడి సంతకం చేస్తే మీకూ తిరుగు దారి దాదాపు లేదు. మాటల్లో ఎంత ఉదారంగా ఉన్నా ఫరవాలేదు, కాగితం మీద మాత్రం పిసినారిలా ఒక్కో పదం లెక్కపెట్టుకోండి.

పాకాల వైపు ఒక కేసు చెప్తాను. రెండు మామిడి తోటలు, వెనక తోటకి దారి ముందు తోటలోంచే. దారి మూసేశారని ఇంజంక్షన్ (అడ్డుకోవద్దని కోర్టు ఉత్తర్వు) కోసం దావా. మూడు సిట్టింగుల్లో రాజీ అయింది, అందరం సంతోషించాం, కాగితంలో ‘వాదికి తూర్పు గట్టు పక్కగా బండి దారి వదలడానికి ప్రతివాది ఒప్పుకున్నాడు’ అని రాశారు. డిక్రీ వచ్చింది. మొదటి కాపుకే గొడవ. ముందు తోట ఆయన బండి అంటే ఎద్దుల బండి అన్నాడు, అంత వెడల్పే వదిలి కంచె వేశాడు. వెనక తోట ఆయనకి బండి అంటే ట్రాక్టరు, ట్రాలీతో సహా. జూన్‌లో తోతాపురి కాయ కోసి ఫ్యాక్టరీకి తోలాల్సిన సమయం, కోసిన కాయ చెట్ల కింద కుప్పలుగా ఉంది, దారిలో కంచె. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఇద్దరి మనసులో ఉన్నదీ నిజమే. కాగితంలో ఒక్క మాట మిగిలిపోయింది. ఈపీ వేసి, సర్వేయర్‌ని పెట్టించి, మళ్లీ మాట్లాడించి, ఆఖరికి 12 అడుగులు, ఈ రాయి నుంచి ఆ రాయి దాకా అని రాయించేసరికి ఇంకో కాపు కూడా అయిపోయింది. ఆ కాగితం నేను కూడా చదివి సరేనన్నాను. ఆ రోజు నుంచి దారి అన్న మాట కనిపిస్తే అడుగులు అడుగుతాను, హద్దు అంటే నాలుగు దిక్కులూ అడుగుతాను, డబ్బు అంటే తేదీ, బ్యాంకు, కట్టకపోతే ఏమవుతుందో అడుగుతాను.

మీ కేసులో అయితే ఇవి చూసుకోండి. ఇంట్లో ఎవరికి ఎన్ని అంకణాలు, మెట్లు ఎవరివి, బోరు ఎవరిది, కరెంటు మీటరు ఎవరి పేరు మీద. తోటలో ఎన్ని చెట్లు ఎటు, నీళ్ల వంతు ఎలా, ఈ సంవత్సరం కాపు ఎవరిది. సర్వేయర్ చేత స్కెచ్ గీయించి రాజీ పత్రానికి జత చేసి దాని మీద కూడా సంతకాలు పెట్టించండి. ‘తర్వాత పెద్దల సమక్షంలో పంచుకుంటాం’ అని మాత్రం రాయనివ్వకండి, ఆ వాక్యం ఉన్న రాజీ సగంలో ఆగిన రాజీ.

ఇంకో ముఖ్యమైనది, లాయర్లు కూడా ఒక్కోసారి మర్చిపోయేది. దావా షెడ్యూల్‌లో (దావాలో ఇచ్చిన ఆస్తుల జాబితాలో) లేని స్థిరాస్తిని రాజీలో కలిపితే దానికి రిజిస్ట్రేషన్ కావాలి. దావాలో ఉన్న స్థిరాస్తికి సంబంధించిన రాజీ డిక్రీకి మామూలుగా రిజిస్ట్రేషన్ నుంచి మినహాయింపు ఉంది, షెడ్యూల్‌లో లేనిదానికి లేదు. రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 17(2)(6)లో ఇది ఉంది. శ్రీకాళహస్తి వైపు ఒక కుటుంబం దావా వేసింది ఇంటి మీద, రాజీలో సర్దుబాటు కోసం తమ్ముడికి వేరే చోట ఉన్న ఖాళీ స్థలం ఇచ్చారు. అందరూ కళ్లు తుడుచుకుని కౌగిలించుకున్నారు. నాలుగేళ్ల తర్వాత తమ్ముడు ఆ స్థలం అమ్మబోతే కొనేవాడి లాయరు డిక్రీ చూసి ఇది రిజిస్టర్ కాలేదు, హక్కు రాలేదు అన్నాడు. ఆ సరికి అన్న చనిపోయాడు, వదిన, పిల్లలు సంతకాలకి రావాలి. వచ్చారు, మంచివాళ్లు కాబట్టి. మీ నాన్నగారి పేరు మీద బ్యాంకు డిపాజిట్లో, ఇంకో స్థలమో ఉంటే ముందే షెడ్యూల్ సవరించుకోవాలా అని మీ లాయర్ని అడగండి. అలాగే భాగపంపకాల ఫైనల్ డిక్రీ స్టాంపు కాగితం మీద ఎక్కాలి, ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలో కూడా రాజీలోనే రాసుకోండి.

మీకు అక్కచెల్లెళ్లు ఉన్నారో లేదో మీరు రాయలేదు. ఉంటే, పెళ్లయిపోయినా సరే, వాళ్లు దావాలో పార్టీలుగా ఉండాలి, రాజీ పత్రం మీద వాళ్ల సంతకం కూడా ఉండాలి. పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. మీ నాన్నగారి స్వార్జితమైనా, వీలునామా లేకపోతే, కూతురికి వాటా ఉంటుంది. చెల్లెలికి చెప్పకుండా అన్నదమ్ములిద్దరే చేసుకున్న రాజీ ఆమెని కట్టిపడేయదు. ఎవరైనా కువైట్‌లోనో ఇంకెక్కడో ఉంటే వీడియో కాల్‌లో కూర్చోబెట్టడం ఇప్పుడు కష్టం కాదు, సంతకం సంగతి, పవర్ ఆఫ్ అటార్నీ సంగతి మాత్రం ముందే చూసుకోవాలి. మైనర్ పిల్లలు పార్టీలుగా ఉంటే వాళ్ల తరఫున రాజీకి కోర్టు అనుమతి విడిగా తీసుకోవాలి.

ఎన్నాళ్లు పడుతుందంటే, మీడియేషన్ రూల్స్‌కి మూలమైన మోడల్ రూల్స్‌లో మొదటి హాజరు నుంచి 60 రోజులు, కోర్టు అనుమతిస్తే ఇంకో 30. కాబట్టి కేసు ఏళ్ల తరబడి అక్కడ ఇరుక్కుపోతుందన్న భయం వద్దు. ఇప్పటికే ఉన్న స్టేటస్ కో (ఉన్నది ఉన్నట్టే ఉంచాలనేది), ఇంజంక్షన్ లాంటి ఆర్డర్లు మీడియేషన్‌కి పంపినంత మాత్రాన పోవు, కానీ వాటి గడువు తేదీ ఒకసారి చూసుకోండి. 2023లో మీడియేషన్ చట్టం అని కొత్తది వచ్చింది, దాంట్లో వేరే గడువులు ఉన్నాయి, ఇంటర్నెట్‌లో అవి చదివి కంగారు పడకండి. ఆ చట్టం మొత్తం ఒకేసారి అమల్లోకి రాలేదు, 2023 అక్టోబరు 9న కొన్ని సెక్షన్లకే నోటిఫికేషన్ ఇచ్చారు. మీ ఆర్డరులో ఏ సెక్షన్ కింద పంపారో ఉంటుంది, ఆ కాపీ తీసుకోండి.

ఖర్చు గురించి: దావాలో కోర్టు పంపిన మీడియేషన్‌కి మీడియేటర్ ఫీజు మీరు కట్టక్కర్లేదు, న్యాయసేవాధికార సంస్థ చూసుకుంటుంది. ఎవరైనా అడిగితే ఇవ్వకండి, 15100కి ఫోన్ చేయండి. వ్యాపార వివాదాలు వేరు. 3 లక్షలు, ఆ పైన విలువుండే కమర్షియల్ దావాల్లో అత్యవసర ఉత్తర్వులు అడగనప్పుడు దావాకి ముందే మీడియేషన్‌కి వెళ్లాలి, వెళ్లకుండా వేస్తే ప్లెయింట్ (దావా పత్రం) తిరస్కరిస్తారు, దాని ఫీజు ఇద్దరూ చెరిసగం పెట్టుకోవాలి. మీది అది కాదు. రాజీ అయితే మీరు కట్టిన కోర్టు ఫీజు వాపసు అడగొచ్చు, రాజీ రికార్డు చేసే రోజే మీ లాయరు చేత ఆ పిటిషన్ వేయించండి, తర్వాత చూద్దాంలే అనుకున్నవాళ్లు చాలామంది మర్చిపోతారు.

చివరగా అమ్మ. తీసుకెళ్లొచ్చా అని అడిగారు, నిజానికి ఆమె రాకుండా ఈ రాజీ కుదరదు. నాన్నగారి ఆస్తిలో ఆమెకీ వాటా ఉంది, ఆమె ప్రతివాదుల్లో ఉండే ఉంటారు, ఆమె సంతకం కావాలి. కానీ మీ కారులో తీసుకొచ్చి మీ పక్క కుర్చీలో కూర్చోబెట్టకండి, అన్న పక్కన కూడా వద్దు. ఆమెతో విడిగా మాట్లాడమని మీడియేటర్‌ని మొదటిరోజే అడగండి. ఆమె ఏ ఇంట్లో ఉండాలనుకుంటున్నారో, మందుల ఖర్చు ఎవరు చూడాలనుకుంటున్నారో, తన వాటా ఏం చేయాలనుకుంటున్నారో ఆమె నోటితోనే చెప్పనివ్వండి, ఇంట్లో ఇద్దరు కొడుకుల మధ్య ఆమె ఆ మాట ఇన్నాళ్లూ అనలేకపోయి ఉండొచ్చు. ఆమె బతికున్నన్నాళ్లు తిరుచానూరు ఇంట్లో ఉండే హక్కు, నెలనెలా ఎంత, ఎవరు, ఏ తేదీకి, ఏ ఖాతాలో, ఇవన్నీ రాజీ పత్రంలో మొదటి పేరాలోనే రాయించండి. సంతకానికి ముందు మొత్తం తెలుగులో గట్టిగా చదివి వినిపించమనండి, ఆమె తల ఊపితే చాలదు, ఏం అర్థమైందో ఆమెని తిరిగి చెప్పమనండి.